వేరే మతం వారితో తాత్విక చర్చ – 4వ పాఠం: ‘అన్నీ ఒకటేలెండి’

పోయిన పాఠం చాలామందికి బెడిసికొట్టింది. ఎదుటివారి పక్షాన్ని మన నోటితో చెప్పి, ‘అవును, నేనన్నది అదే’ అని వారిచేత అనిపించుకు రమ్మన్నాను. అనిపించుకున్నారు. ఆ వెంటనే ‘మరి ఇందాక అన్నదానికి ఇది పొసగదుగా!’ అంటూ పట్టుకున్నారు, కోర్టులో సాక్షిని ఇరికించినట్టు. తప్పు కొంత నాదే. పూర్వపక్షం, అంటే ఎదుటివారి పక్షం, చెప్పడం నేర్పాను గానీ, చెప్పాక ఏం చేయాలో చెప్పలేదు.

న్యాయశాస్త్రం (చట్టం కాదు, మన ప్రాచీన తర్కశాస్త్రం) చర్చను మూడు రకాలు చేసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తన పక్షమంటూ ఏమీ నిలబెట్టకుండా ఎదుటివారిది కూలగొట్టడమే పనైతే అది వితండం. మీలో చాలామంది వాదంతో మొదలుపెట్టి జల్పంలో తేలారు.

‘అవును’ వచ్చాక నేనైతే ఒకటే అడుగుతాను: ‘ఈ విషయంలో మీకే ఇంకా తెగని ప్రశ్న ఏది?’ వారు చెప్పాక, నా నమ్మకంలో నాకు కొరుకుడుపడనిది నేనూ చెబుతాను. ఈ రెండోది ఎగ్గొడితే అది చర్చ కాదు, ఇంటర్వ్యూ.

గొంతు పెంచకూడదు, మాటకు అడ్డు తగలకూడదు లాంటివి మీకు తెలిసినవే. వదిలేస్తున్నాను.

నాకు చిరాకు తెప్పించేది ఇంకొకటుంది. మాట కాస్త వేడెక్కగానే ఎవరో ఒకరు ‘ఎందుకండీ, అన్ని మతాలూ చెప్పేది ఒకటే కదా’ అంటారు. వినడానికి మర్యాదగానే ఉంటుంది. నిజానికి అది ఎదుటివారి మాట వినకుండానే తలుపు వేసేయడం.

శిలువ సంగతే చూడండి. క్రైస్తవుడికి యేసు శిలువపై మరణించి తిరిగి లేవడం విశ్వాసానికి పునాది. ముస్లింకు ఆయన ఈసా ప్రవక్త, ఎంతో గౌరవనీయుడు. కానీ శిలువ వేయబడలేదని ఖురాన్ చెబుతుంది. ఈ ఇద్దరి మధ్యా కూర్చుని ‘ఒకటే’ అంటే ఇద్దరినీ పక్కన పెట్టినట్టే. ఆత్మ నిత్యమని వేదాంతి అంటాడు. అలాంటి నిత్యమైన ఆత్మ లేదని బౌద్ధుడు అంటాడు. జైనుడు జీవుణ్ణి ఒప్పుకుంటాడు, సృష్టికర్తను ఒప్పుకోడు. అంతెందుకు, వేదాంతంలోనే అద్వైతి శంకరాచార్యుడికీ ద్వైతి మధ్వాచార్యుడికీ జీవుడు, బ్రహ్మం ఒకటా వేరా అన్న దగ్గరే పడలేదు. గమ్యమైనా ఒకటే అందామా అంటే, స్వర్గం, బౌద్ధుడి నిర్వాణం, జైనుడి కైవల్యం ఒకే ఊరికి మూడు పేర్లు కావు.

పోలికలే లేవని నేననడం లేదు. దానం, దయ, అబద్ధమాడకపోవడం దాదాపు అందరూ చెబుతారు. అయితే పోలిక చెప్పేటప్పుడు ‘ఇక్కడిదాకా కలిశాం, ఇక్కడ విడిపోయాం’ అని చోటు చూపించగలగాలి. చోటు చూపించలేని ఐక్యత నాకు నచ్చదు. మొహమాటం అంటాను దాన్ని.

ఇండో-గ్రీకు రాజు మినాండర్ చర్చకు పిలిస్తే, ‘మీరు పండితుడిలా మాట్లాడతానంటే సరే, రాజులా అయితే రాను’ అన్నాడట బౌద్ధ భిక్షువు నాగసేనుడు. పండితులు తప్పు దొరికితే ఒప్పుకుంటారు, కోపం తెచ్చుకోరు. రాజులు కాదన్నవాణ్ణి శిక్షిస్తారు. మీ కింద పనిచేసేవారితో చర్చ మొదలుపెట్టే ముందు ఇది గుర్తు తెచ్చుకోండి. వారి ‘అవును’కు అర్థం వేరు.

అభ్యాసం. కాస్త కష్టమైనదే. ‘పాపం’ అన్న మాట తీసుకోండి. వేరే మతాన్ని పాటించే ఒకరిని, పాపం అంటే ఏమిటి, అది ఎలా పోతుంది అని అడిగి, అరగంట వినండి. మీ అభిప్రాయం ఒక్కటీ చెప్పకూడదు. తర్వాత ఒక పేజీ రాయండి: ఎక్కడిదాకా కలిశారు, సరిగ్గా ఏ మాట దగ్గర విడిపోయారు. ‘వాళ్లు అలా నమ్ముతారట’లో ఆ ‘ట’ ఎక్కడా రాకూడదు. ఆ పేజీ వారికే చూపించండి. వారు దిద్దిన కాపీతోనే 5వ పాఠానికి రండి, మీరు రాసినదానితో కాదు.