మిరుగం రాకముందే ఇల్లంతా ఒకసారి మెల్లగా తిరగండి

రోహిణి కార్తె నడుస్తుండగానే, అంటే మిరుగానికి (మృగశిర కార్తెకు) వారం పది రోజుల ముందే, ఇల్లు మొత్తం ఒకసారి తిరిగి చూసుకోవాలి. వరంగల్ ఎండలకు స్లాబు మీద పగుళ్లన్నీ బయటపడి ఉంటాయి. వాటర్‌ప్రూఫింగ్ మందు పట్టాలన్నా స్లాబు పొడిగా ఉండాలి. తొలి వాన పడ్డదంటే ఆ రెండు అవకాశాలూ పోయినట్టే.

పొద్దున ఆరింటికి మొదలుపెట్టండి. ఏటవాలుగా పడే ఎండలో గోడ మీది ఉబ్బులు స్పష్టంగా తెలుస్తాయి. టీవీ, ఫ్యాన్లు, మోటారు ఆపండి. చేతిలో నోటుబుక్కు, పెన్సిలు, టార్చి, ఒక చిన్న కర్ర చాలు. ఆ గంటసేపు ఏదీ బాగుచేయొద్దు, తుడవొద్దు, సర్దొద్దు. ఒక్క నల్లా బిగించడానికి కూర్చుంటే మిగతా ఇల్లు చూడకుండానే పొద్దెక్కుతుంది. ప్రతి అర్ర గడప దగ్గర ఒక నిమిషం ఊరికే నిలబడి వాసన, చప్పుడు గమనించండి. తర్వాత కప్పు, గోడ, మూలలు, నేల వరుసగా చూడండి. నీళ్లు పైనుంచి కిందికి దిగుతాయి కాబట్టి మన నడక కూడా డాబా మీదనే మొదలవ్వాలి.

డాబా మీదనే ఎక్కువసేపు ఉండండి. నీళ్లు పోయే గొట్టానికి అవతలి మూలన రెండు బకెట్లు పోసి చూడండి. ఎక్కడ నిలిస్తే అక్కడ వాలు తప్పినట్టు, దాని చుట్టూ సుద్దతో గీయండి. గొట్టంలో వేపాకు, పావురాల చెత్త పేరుకుని ఉంటే డాబా పనుల్లో అదే మొదటిది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 600 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. అలాంటి వానకు మూసుకుపోయిన గొట్టం ఉంటే డాబా చెరువవుతుంది. ఆ తర్వాత పిట్టగోడ స్లాబును కలిసే అతుకు చూడండి. చాలా ఇళ్లలో నీళ్లు దిగేది అక్కడినుంచే. గోడ, స్లాబు వేర్వేరుగా సాగి ముడుచుకుంటాయి కాబట్టి అతుకు విడిపోతుంది. పైపైన సిమెంటు పూస్తే ఏడాదిలో మళ్లీ లేస్తుంది. పగులును వి ఆకారంలో ఒక సెంటీమీటరు లోతు తెరిచి, దుమ్ము దులిపి, పాలిమర్ అనే రసాయనం కలిపిన సిమెంటు మసాలా నింపి, మూల గుండ్రంగా తీయించి, ఆరాక వాటర్‌ప్రూఫింగ్ మందు రెండు పూతలు వేయించాలి.

కిందికి దిగాక కప్పును కర్రతో తట్టండి. గట్టి చప్పుడు వస్తే పర్వాలేదు. డొల్లగా మోగితే ప్లాస్టరు విడిపోయింది. గోధుమరంగు చారలు కనబడితే లోపల సలాకలకు తుప్పు పట్టినట్టు. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును కిందికి తోస్తుంది. దయచేసి రంగు వేసి దాచకండి. దాని కింద మంచం, ఊయల ఉంటే ఆ రోజే జరపండి.

గోడ పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. నల్లరేగడి నేల వేసవిలో ముడుచుకుని వానాకాలంలో ఉబ్బుతుంది. అలాంటి నేల మీద కట్టిన ఇంట్లో ఇప్పుడు వెడల్పైన పగులు శ్రావణంలో దగ్గరపడొచ్చు. అందుకే రెండు కాలాలూ చూసి పోల్చాలి. కిటికీ మూలనుంచి ఏటవాలుగా పోయి, రూపాయి బిళ్ల అంచు దూరేంత ఉన్న పగులుకు మాత్రం ఆగొద్దు, ఇంజనీరును పిలవండి.

దర్వాజ అడుగున మట్టి గీత కనబడితే చెదలు. కొంచెం తుంచి రెండు రోజుల తర్వాత చూడండి. మళ్లీ కట్టుకుని ఉంటే అవి బతికే ఉన్నాయి, మూలం నేలలో ఉంది. పైపైన మందు కొడితే సరిపోదు.

లెట్రిన్ ఫ్లష్ ట్యాంకులో చిటికెడు కుంకుమ కలిపి 20 నిమిషాలు వాడకుండా ఉంచండి. కింద కమోడ్‌లో ఎర్రగా కనబడితే ట్యాంకు వాషరు పోయింది.

వంటింట్లో గ్యాస్ పైపు మీద ముద్రించిన సంవత్సరం చూడండి, 5 ఏళ్లు దాటితే మార్చాలి. అతుకుల మీద సబ్బు నీళ్లు రాస్తే లీకు ఉన్నచోట బుడగలొస్తాయి. అగ్గిపుల్ల గీసి చూడొద్దు. గీజరు వాడాక స్విచ్ ఆపి ప్లగ్గు ముట్టుకోండి. వేడిగా ఉంటే లోపల వైరు వదులైంది. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్) ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే అది షాకునుంచి కాపాడదు, ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి.

కూలర్‌ను అటకెక్కించే ముందు తొట్టి గోడలను బ్రష్‌తో రుద్ది కడిగి ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి పొడిగానే ఉండగలవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి.

తిరగడం అయ్యాక రాసుకున్నవాటిలో కరెంటు, గ్యాస్, పెచ్చులూడే కప్పు ఆ రోజు పనులు. డాబా పనులు వానల లోపు కావాలి. రంగులు, టైల్స్ దసరా దాకా ఆగినా నష్టం లేదు. వానాకాలంలో తలుపు బిగుసుకుపోతే వెంటనే చెక్కించొద్దు. కట్టె తేమకు ఉబ్బింది, చలికాలంలో ముడుచుకుంటుంది. వానల్లో చెక్కిస్తే చలికాలంలో సందు పడుతుంది.