డిజైనర్ హ్యాండ్‌బ్యాగు పనితనాన్ని గుర్తించడం, గోదావరి తేమలో దాన్ని కాపాడుకోవడం

లక్షల రూపాయలు పలికే హ్యాండ్‌బ్యాగు ఎదురైనప్పుడు చాలామంది చూపు దాని మీది ముద్ర దగ్గరే ఆగిపోతుంది. ఆ ధరలో పేరుకు పోయే భాగం ఉన్నమాట నిజమే. కాని మంచి బ్యాగులో తోలును ఏరిన కన్ను, కుట్టు వేసిన చెయ్యి, అంచును పొర మీద పొర వేసి నునుపు చేసిన ఓపిక కూడా ఉంటాయి. వాటిని కంటితో చూసి, వేలితో తడిమి మనమే తెలుసుకోవచ్చు. అమలాపురం, భీమవరం, రాజమహేంద్రవరం, కాకినాడ ప్రాంతాల్లో ఇటువంటి బ్యాగులు ఇప్పుడు కొత్తేమీ కావు. ఉద్యోగాలు చేస్తున్న అమ్మాయిలు సొంతంగా కొనుక్కుంటున్నారు. గల్ఫ్ దేశాల నుంచి, అమెరికా నుంచి వచ్చేవారు అమ్మకో వదినకో తెచ్చిపెడుతున్నారు. పనితనం తెలిసినవారే బ్యాగును సరిగా ఎంచుకోగలరని, కాలువలు, చెరువులు, సముద్రపు గాలి కలిసిన ఈ నేల మీద దాన్ని సరిగా దాచుకోగలిగేదీ వారేనని నా గట్టి నమ్మకం. తోలు ఎలా తయారైందో, కుట్టు ఎలా పడిందో తెలిస్తేనే తేమ దాన్ని ఎక్కడ దెబ్బతీస్తుందో తెలుస్తుంది.

ఆకర్షణ ఎక్కడిది

ఇటువంటి బ్యాగులు చేసే సంస్థల్లో పాతవి ప్రయాణపు సామగ్రితో మొదలయ్యాయి. హెర్మెస్ 1837లో పారిస్‌లో గుర్రపు సామగ్రి తయారుచేసే దుకాణంగా పుట్టింది. లూయీ విటాన్ 1854లో అదే నగరంలో పెట్టెల దుకాణం తెరిచి, గుండ్రటి మూతల పెట్టెలు వాడుకలో ఉన్న కాలంలో, ఒకదాని మీద ఒకటి పేర్చడానికి వీలైన చదును మూతల పెట్టెలను తెచ్చాడు. వాటికి నకళ్లు పెరగడంతో ఆయన కుమారుడు జార్జ్ 1896లో అక్షరాలు, పూలు కలిసిన మోనోగ్రామ్ గుడ్డను ప్రవేశపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో సరుకు దొరకని ఇబ్బంది నుంచి 1947లో గూచీ బ్యాగుల వెదురు పిడి పుట్టింది. వెదురును వేడి చేసి వంచితే అది ఆ వంపులోనే నిలిచిపోతుంది. షనెల్ 1955 ఫిబ్రవరిలో గొలుసు పట్టీ ఉన్న బ్యాగును తెచ్చింది. భుజాన వేసుకునే ఆ గొలుసు, అంతవరకు బ్యాగును చేత్తో పట్టుకోవడం అలవాటైన స్త్రీల చేతులను ఖాళీ చేసింది. ఆ నెల, ఆ సంవత్సరమే 2.55 అన్న పేరైంది. 1984 నాటి బర్కిన్ బ్యాగు, విమానంలో పక్క సీట్లో కూర్చున్న హెర్మెస్ అధిపతి జాన్ లూయీ డ్యూమాకు, పసిబిడ్డ తల్లికి సరిపడే బ్యాగు దొరకడం లేదని నటి జేన్ బర్కిన్ చెప్పిన మాటతో రూపుదిద్దుకుంది. ఆమె కోసం చేసిన ఆ తొలి బ్యాగే 2025 జులైలో పారిస్ వేలంలో 85 లక్షల యూరోలకు పైగా పలికింది.

నలభై, డెబ్బై ఏళ్ల తరవాత కూడా ఈ నమూనాలు నిలిచి ఉన్నాయంటే, ఒక్కొక్కటి ఒక అవసరాన్ని చక్కగా తీర్చినందువల్లనే. కాబట్టి కొనబోయేవారు కూడా ముందుగా తమ అవసరాన్నే చూసుకోవాలి. స్కూటీ మీద, ఆర్టీసీ బస్సులో, గోదావరి దాటే పంటు మీద తిరిగేవారికి జిప్పు, పొడవైన పట్టీ ఉన్న బ్యాగు కావాలి. పైభాగం తెరిచి ఉండే టోట్ బ్యాగు ఎంత అందమైనదైనా జల్లు పడితే లోపలంతా తడుస్తుంది. పెళ్లిళ్లకు మాత్రమే తీసేవారికి చిన్నది చాలు.

తోలు, కుట్టు, అంచు

తోలు శుద్ధి ప్రధానంగా రెండు విధాలుగా జరుగుతుంది. క్రోమియం లవణాలతో చేసేది సుమారు ఒక్క రోజులో పూర్తవుతుంది. ఆ తోలు మెత్తగా, రంగులు బాగా పట్టేదిగా, నీటిని కొంత తట్టుకునేదిగా ఉంటుంది. చెట్ల బెరడు, కాయల సారంతో చేసే పాత పద్ధతికి వారాలు పడుతుంది. ఆ తోలు గట్టిగా ఉండి, వెలుగు, చేతి స్పర్శ తగిలేకొద్దీ తేనె రంగుకు తిరుగుతుంది. ఇది మనకు పరాయి విద్య కాదు. తమిళనాడులో ఈస్ట్ ఇండియా లెదర్ పేరుతో ప్రసిద్ధమైన తోలును తంగేడు బెరడు, కరక్కాయలతోనే శుద్ధి చేస్తూ వచ్చారు. పుదుచ్చేరిలో 1978లో మొదలైన హైడిజైన్ కూడా బెరడు సారంతో చేసిన తోలుకు పేరుపొందింది. యూరప్ పేరున్న బ్యాగుకు పెట్టుబడి లేనివారు ఇదే తోలును, ఇదే శ్రద్ధను తక్కువ ధరకు చూడవలసిన చోటు అది.

సహజమైన పైపొర ఉన్న తోలు మీద రంధ్రాలు, గీతలు ఒకే వరసలో ఉండవు. బొటనవేలితో నొక్కితే సన్నని ముడతలు చుట్టూ పరుచుకుని, వేలు తీయగానే సర్దుకుంటాయి. అన్ని చోట్లా అచ్చు గుద్దినట్టు ఒకే గీత కనిపిస్తే అది అచ్చు వేసిన తోలో, పీయూ అనే కృత్రిమ పదార్థమో అయి ఉంటుంది. ‘జెన్యూన్ లెదర్’ అన్న చీటీ అది తోలు అని మాత్రమే చెబుతుంది, మేలురకం అని చెప్పదు. పీయూ తేమకు అణువుల స్థాయిలోనే విడిపోతుంది గనుక, మన వానాకాలాలు కొన్ని గడిచేసరికి పెచ్చులుగా రాలుతుంది; దానికి మందు లేదు. గొర్రెపిల్ల తోలు వెన్నలా ఉంటుంది గాని గాజుల అంచు తగిలినా, పట్టుచీర జరీ రాసుకున్నా గీత పడుతుంది. డెల్టాలో ఉండేవారికి నా మొదటి సలహా, గరుకు గింజలు తేలిన దూడ తోలు. మోనోగ్రామ్ బ్యాగుల ఒళ్లు అసలు తోలే కాదు, ప్లాస్టిక్ పూత వేసిన నూలు గుడ్డ. ఇందులో మోసమేమీ లేదు. వానకు అదే బాగా ఓర్చుకుంటుంది. వాటి పిడులు, అంచు పట్టీలు మాత్రం పూత లేని సహజమైన ఆవుతోలు కనుక, ఒక్క చినుకు పడినా మచ్చ నిలుస్తుంది.

ఇక కుట్టు. బ్యాగు మీద అన్నిటికంటే ఎక్కువసేపు చూడవలసినది ఇదే. కుట్టుమిషను పై దారాన్ని, కింది దారాన్ని తోలు మధ్యలో ముడివేస్తుంది. ఒక దారం ఒకచోట తెగితే ఆ వరస క్రమంగా ఊడిపోవచ్చు. జీను కుట్టు అలా కాదు. మైనం పట్టించిన ఒకే పొడవాటి లినెన్ దారం రెండు కొసలకూ రెండు సూదులు ఎక్కించి, ముందే గుచ్చిన ప్రతి రంధ్రం గుండా రెండు వైపుల నుంచీ దూర్చి, రెండు చేతులతో ఒకే బిగువున లాగుతారు. ఒక కుట్టు తెగినా పక్క కుట్లు తమ చోటు వదలవు. గుర్రపు జీను తెగితే మనిషి ప్రాణం పోతుంది కాబట్టి పుట్టిన ఈ కుట్టును హెర్మెస్ పనివారు నేటికీ బర్కిన్, కెల్లీ బ్యాగులకు వేస్తున్నారు. అక్కడ ఒక బ్యాగును మొదటి నుంచి చివరి దాకా సాధారణంగా ఒక్కరే కుడతారు. చేతి కుట్లు కొద్దిగా ఏటవాలుగా పడతాయి. మిషను కుట్టును చూసి తక్కువగా అనుకోనక్కరలేదు, ఎన్నో గొప్ప బ్యాగులు మిషను మీదనే కుట్టినవి. చూడవలసింది కుట్లు సమదూరంలో ఉన్నాయా, మలుపు దగ్గర దారం ఒదిగిందా, చివర కొసలు దాగాయా అన్నదే. నరసాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లేవారు అల్లికను తిరగేసి చూసినట్టే, బ్యాగును కూడా లోపలి వైపు నుంచి, పిడి మొదలు దగ్గర, పట్టీ కింద చూడాలి. పైకి కనిపించే చోట ఎవరైనా జాగ్రత్త పడతారు.

కోసిన తోలు అంచును రుద్ది, రంగు పూసి, ఆరనిచ్చి, మళ్లీ రుద్ది, మళ్లీ పూస్తారు. కొన్ని కర్మశాలల్లో వేడి ఇనుముతో, మైనంతో మెరుగు కూడా పెడతారు. వేలు ఆనించి నడిపిస్తే మంచి అంచు ఎక్కడా ఆగదు. వంచిన చోట పగుళ్లు, బుడగలు కనిపిస్తే ఆ తొందర మిగతా చోట్ల కూడా ఉండి ఉంటుంది. ఇటలీలో 1966లో మొదలైన బొటెగా వెనెటా బ్యాగులు సన్నని తోలు పట్టీల నేతకు ప్రసిద్ధి. వాటిలో నేత మలుపుల దగ్గర కూడా వరస తప్పకుండా సాగాలి. గొళ్లెం, కొక్కెం బరువుగా ఉండాలి, జిప్పు ఒంటి చేత్తో జారాలి.

కొనేటప్పుడు

బజార్లో ‘ఫస్ట్ కాపీ’ పేరుతో దొరికేవి నకిలీలే, ఎంత దగ్గరగా ఉన్నా వాటికి పైన చెప్పిన పనితనం సాధారణంగా ఉండదు. సెకండ్‌హ్యాండ్ బ్యాగు కొంటే అమ్మేవారు చూపే, బ్యాగు అసలైనదని చెప్పే ‘ఆథెంటిసిటీ కార్డు’ను మాత్రమే నమ్మకూడదు. హెర్మెస్, లూయీ విటాన్ అటువంటి కార్డు ఇవ్వవు కనుక, వాటి పేరుతో కార్డు కనిపిస్తే అనుమానించడానికి అదే కారణం. లూయీ విటాన్, షనెల్ 2021 నుంచి బ్యాగుల్లో మైక్రోచిప్పులు పెడుతున్నాయి. అంతకుముందు విటాన్ బ్యాగుల్లో తేదీ కోడ్, షనెల్ బ్యాగుల్లో సీరియల్ స్టిక్కరు ఉండేవి. పాత బ్యాగు లోపల చెయ్యి పెట్టి చూడడం తప్పనిసరి. లోపలి జేబు జిగటగా అంటుకుంటే లైనింగ్ విడిపోతున్నదని అర్థం, ముక్కిన వాసన వస్తే బూజు లోపలికి చేరిందని అర్థం. రెండింటిలో ఏది ఉన్నా వదిలేయడమే మంచిది.

విదేశాల నుంచి తెప్పించుకునేటప్పుడు బిల్లు తప్పక దాచాలి, కస్టమ్స్ దగ్గర చెప్పవలసిన విలువ చెప్పి సుంకం కట్టాలి. మొసలి, కొండచిలువ తోలు బ్యాగులకు అంతర్జాతీయ వన్యప్రాణి ఒప్పందం ప్రకారం అనుమతి పత్రం లేకపోతే జప్తు చేసే అవకాశం ఉంది. మన దేశంలో 10 లక్షల రూపాయలు మించిన బ్యాగు కొంటే, 2025 ఏప్రిల్ 22 నుంచి అమ్మకందారు 1 శాతం టీసీఎస్, అంటే అమ్మకం దగ్గరే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తున్నారు. అది అదనపు పన్ను కాదు, ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటు అవుతుంది.

గోదావరి తేమలో దాచడం

బూజుకు కావలసినది తేమ, కదలని గాలి, కొంచెం మురికి. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచి ఉంటే అది తోలు మీద మొలకెత్తుతుంది. మన తీరంలో వానాకాలపు ఉదయాల్లో తేమ తరచు 80 శాతం పైనే ఉంటుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే చిన్న తేమమాపకాన్ని బీరువాలో పెట్టుకోండి, 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. ఇందుకు సిలికా జెల్ సంచులు వాడవచ్చు. నారింజ రంగు గింజలు తేమ తాగి పచ్చబడగానే తీసి, ఓవెన్‌లో వేడి చేసి ఆరబెడితే మళ్లీ పనికి వస్తాయి. పిల్లలకు అందకుండా ఉంచాలి, బ్యాగు తోలుకు నేరుగా ఆనకుండా పెట్టాలి.

బ్యాగును బయటి గోడకు ఆనిన బీరువాలో, అందులోనూ అడుగు అరలో పెట్టకూడదు. కాలువ గట్టు ఇళ్లలో నేల నుంచి గోడకు ఎక్కే తేమ ముందుగా అక్కడికే చేరుతుంది. ప్లాస్టిక్ కవరు బొత్తిగా పనికిరాదు, లోపల చేరిన తేమ బయటకు పోలేదు. ఉతికి ఉతికి మెత్తబడిన తెల్లని నూలు పంచె ముక్క కంటే మంచి సంచి లేదు. లోపల కూడా అటువంటి గుడ్డనే ఉండలా చుట్టి నింపితే రూపం చెదరదు. వార్తాపత్రిక నింపితే సిరా లేత రంగు లైనింగుకు అంటుతుంది. గొలుసును విడిగా గుడ్డలో చుట్టకపోతే తోలు మీద దాని అచ్చు పడుతుంది. పిడులతో కొక్కేనికి తగిలించవద్దు. కలరా ఉండలు, కర్పూరం పక్కన పెట్టడం మన ఇళ్లలో అలవాటు, కాని వాటి ఆవిరి తోలు పూతలకు మంచిది కాదు, ఆ వాసన కూడా వదలదు.

కొబ్బరినూనె గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కోనసీమ ఇంట్లో ఏది ఎండినట్టు కనిపించినా ముందు చెయ్యి ఆ సీసా మీదికే పోతుంది. తోలు ఆ నూనెను పీల్చుకుని మచ్చలుగా నల్లబడుతుంది, మిగిలిన జిడ్డు దుమ్మును పట్టి ఉంచుతుంది, ఆ మచ్చ మళ్లీ తీయడం ఎవరి వల్లా కాదు. తోలు కోసం చేసిన కండిషనరును ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి, కనపడని మూలన పరీక్షించాక పలచగా రాస్తే చాలు. పూత లేని సహజ తోలుకు అది కూడా ఆచితూచి రాయాలి, రంగు మారుతుంది.

తడిసిన బ్యాగును వెంటనే పొడి గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. తరవాత ఫ్యాను గాలికి నీడలో ఆరనివ్వాలి. ఎండలోనో హెయిర్ డ్రైయరు వేడికో పెడితే తోలు బిగుసుకుని పగులుతుంది. బూజు కనిపిస్తే ఇంటి బయటకు తీసుకువెళ్లి మెత్తటి బ్రష్షుతో దులపాలి, లేకపోతే అదే బూజు పక్క బ్యాగులకు పాకుతుంది. ఆ గుడ్డ సంచిని వేడినీటిలో ఉతకాలి, బీరువా అరను కూడా తుడవాలి. అంతర్వేది, ఉప్పాడ వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి గొళ్లేలు వెలవెలపోతాయి. వాటిని పొడి గుడ్డతో తుడవడమే తప్ప, ఇత్తడి సామాను తోమే పొడి తగలనివ్వవద్దు, పైపూత పోతుంది. పసుపు, కుంకుమ, మల్లెల తడి తగిలే శుభకార్యాలకు లేత రంగు బ్యాగు తీసుకువెళ్లకపోవడం మేలు.

ఎంత జాగ్రత్తగా దాచినా నెలకొకసారైనా బయటకు తీయండి. చేతిలో తిరిగే బ్యాగుకు గాలి తగులుతుంది, మీ కన్ను కూడా దాని మీద పడుతుంది. ఎక్కడైనా కుట్టు తెగితే ముందుగా ఆ సంస్థ మరమ్మతు విభాగాన్ని అడగండి. ఊళ్లోనే బాగుచేయించవలసి వస్తే, చెయ్యి తిరిగిన తోలు పనివారికి పాత రంధ్రాల్లోంచే, మైనం పట్టించిన దారంతో కుట్టమని ఎదురుగా కూర్చుని చెప్పండి. కొత్త రంధ్రం ఒక్కటి కూడా పడకూడదు, జిగురు అసలే వద్దు. ఎండి గట్టిపడిన జిగురు పక్క తోలును కూడా లాగి చింపుతుంది.