ఎస్ప్రెసో మెషిన్ డ్రెయిన్ పైపు: ట్రేలో నీళ్లు నిలిస్తే ఎక్కడ వెతకాలి

కప్పు కింద ఉండే ట్రేలో పడ్డ నీళ్లను సింకు మురుగులోకి తీసుకెళ్లేదే డ్రెయిన్ పైపు. ఇందులో నీళ్లను తోసే పంపు ఏదీ ఉండదు. మెషిన్ పంపు ఇచ్చే 9 బార్ల ఒత్తిడి కాఫీ పొడి వరకే. ట్రేలో పడిన నీళ్లు వాటి బరువుతో అవే జారిపోవాలి. పైగా అవి ఉత్త నీళ్లు కావు. షాట్ (ఒక కప్పు ఎస్ప్రెసో తీయడం) అయ్యాక, మిగిలిన ఒత్తిడిని ట్రేలోకి వదిలే త్రీ-వే వాల్వ్ నుంచి వచ్చే నీళ్లలో కాఫీ నూనె, మెత్తటి పొడి కలిసి ఉంటాయి. చాలా తిప్పలకు మూలం ఇక్కడే ఉంది.

ట్రే నిండి గట్టు మీదికి పొర్లుతోంది

సింకు కింద తలుపు తీసి పైపును మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడిమి చూడండి. ఎక్కడైనా కిందికి వేలాడి మళ్లీ పైకి లేచిందా? ఆ వంపులో నీళ్లు నిలుస్తాయి, నీళ్లు నిలిచిన చోట పొడి పేరుకుని బురదవుతుంది. పైపు విప్పి వేడినీళ్లతో కడిగి, ఎక్కువైన పొడవు కోసేయండి. మీటరుకు కనీసం 2 సెంటీమీటర్ల వాలు వచ్చేలా క్లిప్పులతో గోడకు బిగించండి.

వాలు బాగానే ఉన్నా పొర్లుతుంటే పైపు సన్నమై ఉంటుంది. ఆర్‌ఓ ఫిల్టర్ పైపులాంటివి ఈ పనికి అస్సలు పనికిరావు. నా మట్టుకు లోపలి వ్యాసం ముప్పావు అంగుళానికి తగ్గకూడదంటాను. పల్చటి పారదర్శక పైపు వేడినీళ్లకు మెత్తబడి మడత పడుతుంది. లోపల దారం అల్లిక ఉన్న మందపాటి పైపు తీసుకోండి.

అడ్డేమీ లేదు, అయినా గుడగుడమంటూ మెల్లగా దిగుతోంది

ఇది గాలి చేసే పని. పైపు చివరను సింకు వేస్ట్ పైపులోకి గాలి చొరకుండా బిగించేసి ఉంటారు. బాటిల్ ట్రాప్‌లో (మురుగు వాసన పైకి రాకుండా నీళ్లు నిలిపి ఉంచే, సింకు కింది సీసాలాంటి భాగం) నీళ్లు ఒకవైపు, పైనుంచి వచ్చే నీళ్లు మరోవైపు ఉంటే మధ్యలో గాలి ఇరుక్కుంటుంది. ట్రాప్‌కు ముందు నిలువుగా ఒక వెడల్పాటి పైపు పెట్టి, మెషిన్ పైపు దాని నోటికి కాస్త పైనుంచి అందులోకి పోసేలా అమర్చండి. ఈ ఖాళీ వల్ల ఇంకో మేలుంది: మురుగు లైను మూసుకుపోయినా ఆ నీళ్లు మీ కాఫీ ట్రేలోకి ఎదురెక్కవు. ఈ ఒక్క విషయంలో ప్లంబర్ ఎంత చెప్పినా రాజీపడకండి.

వాసన, బొద్దింకలు

పుల్లటి వాసనైతే అది పాత కాఫీ నూనె. రోజూ చివర్లో ట్రేలో ఒక మగ్గు వేడినీళ్లు పోయండి. కాఫీ మెషిన్ క్లీనింగ్ పొడితో బ్యాక్‌ఫ్లష్ చేసిన (రంధ్రాల్లేని ఫిల్టర్ పెట్టి నీళ్లను వెనక్కి, త్రీ-వే వాల్వ్ గుండా పంపి కడిగిన) రోజున పైపుకూ కొంత శుభ్రత దక్కుతుంది. మిగిలిన పాలు మాత్రం ట్రేలో పారబోయొద్దు.

మురుగు వాసనైతే పైపును ట్రాప్ దాటాక కలిపినట్టు. మన ఫ్లాట్లలో సింకు పైపు చాలాచోట్ల నేరుగా నహానీ ట్రాప్‌లోకే (నేల జాలీ కింద నీళ్లు నిలిచే ట్రాప్) పోతుంది. ఆ ట్రాప్‌లో నీళ్లుంటేనే వాసనకు, పురుగులకు అడ్డు. పండక్కి ఊరెళ్లి చాలా రోజులకు తిరిగొస్తే ముందు దాన్లో ఓ చెంబు నీళ్లు పోయండి.

జాయింటు దగ్గర చెమ్మ

పైపు కొసను వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక నాజిల్ (పైపు తొడిగే మూతి) మీద పూర్తిగా ఎక్కించి స్టీలు క్లిప్ వేయండి. టెఫ్లాన్ టేపు మరలకే, నాజిల్‌కు కాదు. ప్లాస్టిక్ నాజిలైతే అతిగా బిగిస్తే పగులుతుంది. కింద పాత పేపరు పరిచి లీటరు వేడినీళ్లు పోస్తే నిజం తెలిసిపోతుంది.

ఎవరూ వాడకపోయినా పైపులో చుక్కలు

ఇది డ్రెయిన్ తప్పు కాదు. షాట్ తీసేటప్పుడు ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (ఒత్తిడి ఎక్కువైతే నీళ్లను కొంచెం వదిలేసే వాల్వ్) నుంచి కొన్ని చుక్కలు రావడం మామూలే. ఊరికే ఉన్న మెషిన్ కారుతూనే ఉంటే ఏదో వాల్వ్‌లో మట్టో, అరిగిన సీలో ఉంది. ట్రే నిండుతుంటే ఇది ఇట్టే తెలిసేది. డ్రెయిన్ పెట్టాక కంటపడదు, నేరుగా నల్లా కనెక్షన్ ఉన్న మెషినైతే నీళ్లు రోజంతా పోతూనే ఉంటాయి. అందుకే అప్పుడప్పుడు ట్రే తీసి, మెషిన్ వేడెక్కాక కాసేపు కింద గిన్నె పెట్టి చూడండి. గిన్నెలో నీళ్లు చేరుతుంటే ముందు బ్యాక్‌ఫ్లష్ చేయండి, ఆగకపోతే వాల్వ్ విప్పించి కడిగించండి.