పాత డీజిల్ పికప్ ట్రక్కులో మైలేజ్ పెంచుకోవడం ఎలా?

అమెరికాలో పాత హెవీ డ్యూటీ డీజిల్ పికప్ కొన్నవాళ్లకు "అసలు ఇది ఎంత ఇవ్వాలి?" అన్న ప్రశ్నకు అధికారికంగా జవాబు దొరకదు. లోడుతో కలిపి అనుమతించిన బరువు 8,500 పౌండ్లు దాటిన బండ్లకు ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) మైలేజ్ రేటింగ్ ఇవ్వలేదు, ఫోర్డ్ ఎఫ్-250, డాడ్జ్ రామ్ 2500 లాంటివన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఫోర్డ్‌లో వచ్చే 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ ఇంజిన్ అయినా, డాడ్జ్‌లో వచ్చే 5.9 లీటర్ల కమ్మిన్స్ ఇంజిన్ అయినా ఖాళీగా హైవే మీద గ్యాలన్‌కు 15 నుంచి 20 మైళ్లు వస్తే బాగున్నట్టే. 15 అంటే మన లెక్కలో లీటరుకు 6.4 కిలోమీటర్లు. వెనక బరువైన ట్రైలర్ ఉంటే 10 దగ్గరికి పడిపోవడం మామూలే, దానికి కంగారు పడొద్దు.

ఏదైనా మార్చే ముందు సరిగ్గా కొలవండి. డీజిల్ నురగ కడుతుంది కాబట్టి వేగంగా కొడితే నాజిల్ ముందే ఆగిపోతుంది, అందుకే ఒకే పంపు దగ్గర నెమ్మదిగా నింపి, తిరిగిన మైళ్లను పట్టిన గ్యాలన్లతో భాగించి, కనీసం మూడు నాలుగు ట్యాంకుల సగటు తీసుకోండి. ఒక ట్యాంకుతో తేల్చేస్తే గాలివాటాన్ని కొలిచినట్టే.

ఇక్కడే చాలామంది బోల్తా పడేది టైర్ల దగ్గర. 245/75ఆర్16 టైర్లతో వచ్చిన బండికి పాత ఓనరు చూడ్డానికి బాగుందని ఇంకా పెద్దవైన 285/75ఆర్16 వేయించి ఉంటే, ఓడోమీటర్ 300 మైళ్లు చూపించినప్పుడు బండి నిజంగా నడిచింది 320 పైనే. 20 గ్యాలన్లు పట్టిందనుకుంటే కాగితం మీద 15, నిజానికి 16. లేని సమస్యకి ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు మార్పించేస్తారు! ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకునో, ఇంటర్‌స్టేట్ పక్కన మైలు బోర్డులు చూసుకుంటూనో తేడా ఎంతో తేల్చుకుని, ఆ శాతం కలిపి లెక్క వేయండి.

తర్వాత వేగం. పైసా ఖర్చు లేని పని ఇదే, ఎవరూ చేయనిది కూడా ఇదే. గోడలా నిలబడే ముఖం ఉన్న బండి ఇది, గంటకు 75 మైళ్ల నుంచి 65కి తగ్గితే గాలి నిరోధం దాదాపు పావు వంతు తగ్గుతుంది, వంద మైళ్ల ప్రయాణానికి అదనంగా పట్టేది 12 నిమిషాలు. టైర్లలో గాలి డోరు దగ్గరి స్టిక్కర్ ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి.

ఇక బానెట్ ఎత్తండి. రేడియేటర్‌కు కూలెంట్ వెళ్లడాన్ని అదుపు చేసే వాల్వు, అంటే థర్మోస్టాట్, తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ ఎంతసేపు నడిచినా వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. హైవే మీద కూడా టెంపరేచర్ ముల్లు కిందే ఉందంటే, హీటర్ గోరువెచ్చగానే వస్తోందంటే ముందు దాన్నే అనుమానించండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (టర్బో నొక్కిన వేడి గాలిని చల్లబరిచే భాగం) వెళ్లే రబ్బరు గొట్టాలు వయసు మీద పడి చిట్లుతాయి, క్లాంపులు వదులవుతాయి. లోడు మీద నల్లపొగ, ఈల లాంటి చప్పుడు వస్తుంటే అక్కడే చూడండి. 7.3లో అయితే టర్బో కిందికి వచ్చే ఎగ్జాస్ట్ పైపుల జాయింట్ల దగ్గర మసి పట్టిందేమో కూడా. ఎయిర్ ఫిల్టర్, ఫ్యూయల్ ఫిల్టర్ సంగతి చెప్పక్కర్లేదు.

కాసేపు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, తాకొద్దు. ఒకటి మాత్రం బాగా కాలుతుంటే బ్రేకు పట్టేసి ఉంది. ముందు చక్రాలను యాక్సిల్‌కు కలిపే హబ్‌లు చేత్తో తిప్పేవైతే, అలాంటి ఫోర్డ్ ఫోర్ బై ఫోర్‌లో అవి ఫ్రీలో (విడదీసి) ఉన్నాయో లేదో ఒకసారి చూడండి.

చలికాలంలో మైలేజ్ ఎలాగూ తగ్గుతుంది, గడ్డకట్టకుండా కలిపే శీతాకాలపు డీజిల్‌లో శక్తి కాస్త తక్కువ. అరగంట ఐడ్లింగ్‌లో వేడి చేసే బదులు బయల్దేరే ముందు రెండు మూడు గంటలు బ్లాక్ హీటర్ (ఇంజిన్‌ను కరెంటుతో వేడి చేసే హీటర్) ప్లగ్ పెట్టండి. ట్యాంకులో పోస్తే మైలేజ్ పెరుగుతుందనే సీసాల మీద నాకు నమ్మకం లేదు. చవకని ఎర్ర డీజిల్ మాత్రం పోయకండి, అది పన్ను లేని పొలం డీజిల్, రోడ్డు మీద వాడితే జరిమానా.

చివరికి మిగిలేది యాక్సిల్ గేర్లు. చక్రం ఒకసారి తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పేదే వీటి అంకె. 4.10 తీసి 3.55 వేస్తే హైవే మీద ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, నిజమే. కానీ ఫోర్ బై ఫోర్ అయితే ముందూ వెనకా రెండూ మార్చాలి, ఆ ఖర్చు డీజిల్ ఆదాలో తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ట్రైలర్ లాగే పని ఉన్నవాళ్లు 4.10నే ఉంచుకోండి.