సిగ్నల్ పాఠాలు – 3: ఫుల్ సిగ్నల్ ఉన్నా నెట్ ఎందుకు రాదు?

కిందటి పాఠంలో బ్యాండ్ల గురించి, అంటే సిగ్నల్ మోసే తరంగాల వరుసల గురించి చెప్పుకున్నాం. 700, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం వెళ్తాయి, గోడలు కూడా బాగానే దాటుతాయి. 2300, 3300 లాంటివి అంత దూరం పోవు గానీ డేటా ఎక్కువ మోస్తాయి. ఈ పాఠానికి ఆ ఒక్క ముక్క గుర్తుంటే చాలు. ఇవాళ ఫోన్‌లోనే దాగి ఉన్న అంకెలు చదవడం నేర్చుకుని, రెండు కంపెనీల సిమ్‌లను పక్కపక్కన పెట్టి పోలుద్దాం. ఒక ఫోన్, రెండు సిమ్‌లు, ఒక నోట్‌బుక్ ఉంటే సరిపోతుంది. రెండో సిమ్ లేకపోతే ఇంట్లోవాళ్లది కాసేపు తీసి మీ ఫోన్‌లో వేసుకోండి.

"ఏ నెట్‌వర్క్ మంచిది?" అని ఎవరైనా అడిగితే "ఎక్కడ వాడతారు?" అని తిరిగి అడుగుతాను. బావగారి ఊళ్లో దూసుకుపోయే సిమ్ మీ వంటింట్లో మూగబోవచ్చు. పైగా పోర్ట్ పెట్టి ఒకసారి మారాక 90 రోజులు గడిచేదాకా మళ్లీ మారడం కుదరదు. మూడు నెలల పాటు ఓటీపీ రాక బ్యాంకు పనులు, పెన్షన్ పనులు ఆగిపోయి పెద్దవాళ్లు పడే టెన్షన్ చూస్తుంటే, మారేముందు ఒక్క రోజు కొలుచుకుంటే బాగుండేది కదా అనిపిస్తుంది. ఈ పాఠాలు రాస్తున్నది అందుకే.

గీతలు ఎవరు గీశారు?

ఫోన్ పైన కనిపించే నాలుగైదు గీతలకు అందరూ పాటించాల్సిన ఒకే కొలత లేదు. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపించాలో ఫోన్ తయారుచేసేవాళ్లు, కొన్నిసార్లు నెట్‌వర్క్ కంపెనీలు నిర్ణయిస్తాయి. 2010 జులైలో ఐఫోన్ 4 మీద గొడవ జరిగినప్పుడు, గీతల లెక్క కట్టే సూత్రమే పూర్తిగా తప్పని ఆపిల్ కంపెనీ ఒప్పుకుంది. ఉండాల్సిన దానికంటే రెండు గీతలు ఎక్కువ చూపించిన సందర్భాలు చాలా ఉన్నాయని చెప్పి, సాఫ్ట్‌వేర్ మార్చింది. కాబట్టి మీ ఫోన్‌లో మూడు గీతలు, మీ తమ్ముడి ఫోన్‌లో రెండు గీతలు ఉన్నాయంటే మీ సిగ్నల్ మెరుగని అర్థం కాదు. పోల్చడానికి గీతలు పనికిరావు.

పనికొచ్చేది సిగ్నల్ బలాన్ని కొలిచే డీబీఎం అంకె. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ లోపలికి వెళ్తే సిగ్నల్ స్ట్రెంత్ అనే వరుస ఉంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ మెనూ ఇంకోచోట ఉంటుంది, సెట్టింగ్స్‌లో పైనున్న వెతికే పెట్టెలో సిమ్ స్టేటస్ అని కొట్టండి. చాలా ఫోన్లలో *#*#4636#*#* నొక్కినా వస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ బటన్ నొక్కితే ఫీల్డ్ టెస్ట్ తెర తెరుచుకుంటుంది, అందులో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే వరుస వెతకండి. టవర్ నుంచి మీ ఫోన్ దాకా ఎంత బలం చేరిందో చెప్పే అంకె అదే.

అది ఎప్పుడూ మైనస్‌లో ఉంటుంది. సున్నాకి దగ్గరగా వచ్చేకొద్దీ బలం ఎక్కువ. మైనస్ 80 గానీ అంతకంటే మెరుగు గానీ అయితే నిశ్చింత. మైనస్ 90, 100 మధ్య మామూలు. మైనస్ 110 దాటితే మాట ముక్కలు ముక్కలుగా వినిపించడం మొదలవుతుంది. మైనస్ 120 దగ్గర ఫోన్ ఏదోలా వేలాడుతోందంతే. పక్కనే ఏఎస్‌యూ అని ఇంకో అంకె కనిపిస్తే కంగారు పడకండి, 4జీలో దాన్నుంచి 140 తీసేస్తే డీబీఎం వస్తుంది. ఏఎస్‌యూ 45 అంటే మైనస్ 95.

ఈ అంకెల్లో పది తేడా అంటే పదిరెట్ల తేడా, ఇరవై తేడా అంటే వందరెట్లు. హాల్లో మైనస్ 85, పడకగదిలో మైనస్ 105 వస్తే, ఆ మధ్య గోడలు నూటికి తొంభైతొమ్మిది పాళ్లు మింగేశాయన్నమాట. పెంకుటింట్లో ఇంత నష్టం ఉండదు. ఆర్‌సీసీ స్లాబు, ఇనుప రేకుల కప్పు, హైదరాబాద్‌లోని పెద్ద ఆఫీసులకు వాడే లోహపు పూత అద్దాలు మాత్రం బాగా తాగేస్తాయి.

సిగ్నల్ పలచగా ఉన్నచోట మరో చిక్కు కూడా ఉంది. టవర్ పదుల వాట్లతో మాట్లాడుతుంది, 4జీ ఫోన్ గట్టిగా అరిచినా వాటులో అయిదో వంతు దాటదు. అంటే టవర్ మాట మనకు చేరుతుంది, మన మాట టవర్‌కి చేరదు. "నాకు నీ మాట బాగానే వినిపిస్తోంది, నా మాట వినిపిస్తోందా?" అనే కాల్స్‌లో చాలావాటి వెనక కథ ఇదే. టవర్‌కి వినిపించాలని ఫోన్ తన బలమంతా పెడుతుంది కాబట్టి వేడెక్కుతుంది, ఛార్జింగ్ కూడా త్వరగా దిగిపోతుంది.

రెండో అంకె

బలం ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది. సిగ్నల్ బలంగా ఉండటమంటే బస్సు మీ వీధిలోకి వచ్చిందని, అందులో సీటు దొరకడం వేరే సంగతి. ఆ సీటు సంగతి కొంతవరకు చెప్పేది ఎస్‌ఐఎన్‌ఆర్, కొన్ని ఫోన్లలో ఎస్‌ఎన్‌ఆర్ అని ఉంటుంది. మీకు కావాల్సిన సిగ్నల్, చుట్టుపక్కల టవర్ల గోలతో పోలిస్తే ఎంత పైన ఉందో అది చూపిస్తుంది. 20 దాటితే చాలా బాగున్నట్టు, 10 పైన ఉంటే సరే, సున్నా కిందికి పోతే నెట్ తిరుగుతూనే ఉంటుంది. ఆ వరుస కనిపించకపోతే సిగ్నల్ నాణ్యత చెప్పే ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ చూడండి. మైనస్ 10 దగ్గర ఉంటే మంచిది, మైనస్ 15 దాటితే రద్దీ ఉందో, గోల ఎక్కువైందో అనుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్లు నెట్‌మాన్‌స్టర్ యాప్ వేసుకుంటే ఇవన్నీ ఒకే తెరమీద కనిపిస్తాయి.

అదే యాప్‌లో ఎర్ఫెన్ (EARFCN) అనే అంకె కూడా ఉంటుంది. ఏ బ్యాండ్‌కి అతుక్కున్నారో దాన్నిబట్టి తెలుస్తుంది. 0 నుంచి 599 అయితే బ్యాండ్ 1, అంటే 2100 మెగాహెర్ట్జ్. 1200 నుంచి 1949 అయితే బ్యాండ్ 3, అంటే 1800. 2400 నుంచి 2649 దాకా బ్యాండ్ 5, అంటే 850, దీన్ని జియో వాడుతుంది. 3450 నుంచి 3799 దాకా బ్యాండ్ 8, అంటే 900. 9210 నుంచి 9659 దాకా బ్యాండ్ 28, అంటే 700. 38650 నుంచి 39649 దాకా బ్యాండ్ 40, అంటే 2300. నోట్‌బుక్ మొదటి పేజీలో ఈ పట్టిక రాసి పెట్టుకోండి, రాబోయే పాఠాలన్నిటికీ కావాలి.

కొలిచే పద్ధతి

వైఫై ఆపేయండి. డేటా ఏ సిమ్‌ని కొలుస్తున్నారో దానిమీదే పెట్టండి. రెండు సిమ్‌ల ఫోన్‌లో డేటా లేని సిమ్ ఊరికే కూర్చుంటుంది, దాని అంకెలతో పోల్చడం అన్యాయం. కొలిచే చోటికి వెళ్లాక ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, కాసేపాగి తీసేయండి. లేకపోతే ఫోన్ ఇందాకటి టవర్‌నే పట్టుకుని వేలాడుతూ ఉండొచ్చు. ఫోన్‌ని చేత్తో గట్టిగా పట్టుకోకుండా బల్లమీద పెట్టండి. అంకెలు కదులుతూనే ఉంటాయి కాబట్టి ఒక నిమిషం చూసి, ఎక్కువసేపు నిలిచిన అంకె రాసుకోండి. తర్వాత స్పీడ్ టెస్ట్ చేయండి. 5జీలో ఒక్క టెస్టే వందల ఎంబీలు తినేయగలదు, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవాళ్లు జాగ్రత్త.

ఇదంతా రెండు వేళల్లో చేయాలి. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. నెట్‌వర్క్ అసలు గుణం ఈ రెండు వేళల తేడాలోనే బయటపడుతుంది.

అర్థం కావడానికి ఒక లెక్క చూద్దాం. ఒక పడకగదిలో మొదటి సిమ్‌కి తెల్లవారుజామున మైనస్ 112, ఎస్‌ఎన్‌ఆర్ 9, స్పీడ్ 14 ఎంబీపీఎస్ వచ్చాయనుకోండి. రాత్రికి మైనస్ 112, ఎస్‌ఎన్‌ఆర్ 7, స్పీడ్ 11. రెండో సిమ్‌కి తెల్లవారుజామున మైనస్ 84, ఎస్‌ఎన్‌ఆర్ 16, స్పీడ్ 38. రాత్రికి మైనస్ 84, ఎస్‌ఎన్‌ఆర్ 3, స్పీడ్ ఒకటిన్నర.

గీతలు చూసేవాళ్లు రెండో సిమ్‌కే ఓటేస్తారు. అంకెలు మాత్రం మొదటి సిమ్‌కి దూరం సమస్య, రెండో సిమ్‌కి జనం సమస్య ఉందని చెబుతున్నాయి. రెండో సిమ్ బలం రాత్రికి ఒక్క అంకె కూడా తగ్గలేదు చూశారా? టవర్ అక్కడే ఉంది, గోడలూ అవే. ఊరంతా వీడియోలు పెట్టుకునేసరికి చుట్టుపక్కల టవర్లన్నీ ఒకేసారి మాట్లాడి గోల పెరిగింది, ఎస్‌ఎన్‌ఆర్ పడిపోయింది, ఉన్న కాస్త డేటానీ అందరూ పంచుకోవాల్సి వచ్చింది.

మందులు కూడా వేరు. మొదటి సిమ్‌ని కిటికీ దగ్గర పెట్టి హాట్‌స్పాట్ వేస్తే సాయంత్రం పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగకుండా నడుస్తుంది. కాల్స్ సరిగా రాకపోతే, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లు వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవచ్చు, జియో, ఎయిర్‌టెల్ రెండింటిలోనూ ఉంది. రెండో సిమ్‌కి కిటికీ, డాబా, కొత్త ఫోన్ ఏవీ పనిచేయవు. టవర్ సామర్థ్యం కంపెనీ పెంచితేనే బాగుపడుతుంది. అయితే వోల్టే కాల్స్‌కి, అంటే 4జీ మీద నడిచే మామూలు కాల్స్‌కి, నెట్‌వర్క్ డేటా కంటే ముందు దారి ఇస్తుంది కాబట్టి, అదే రెండో సిమ్ మాట్లాడుకోవడానికి మాత్రం బాగుంటుంది. ఫోన్ కాల్స్ తప్ప వేరే పని లేని అమ్మమ్మకి నేనైతే రెండోదే ఇస్తాను, రాత్రిపూట చదువుకునే మనవరాలికి మొదటిది.

5జీ వచ్చాక మారిందేమిటి?

మన దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. జియో దాన్ని 4జీతో సంబంధం లేకుండా సొంత కాళ్లమీద నిలబెట్టింది. ఎయిర్‌టెల్ 4జీని ఆధారం చేసుకుని దానిపైన 5జీ వేసింది. రెండో పద్ధతిలో టవర్ దగ్గర 5జీ ఉందని తెలిస్తే చాలు, డేటా 4జీ మీద పోతున్నా పైన 5జీ గుర్తు కనిపించవచ్చు. అందుకే గుర్తు చూసి రాసుకోకండి. ఏదైనా డౌన్‌లోడ్ మొదలుపెట్టి, యాప్‌లో ఎన్‌ఆర్ (5జీకి సాంకేతిక పేరు) అనే వరుస వస్తోందో లేదో చూడండి.

జియోలో గమనించాల్సింది వేరు. 2022 స్పెక్ట్రం వేలంలో 700 బ్యాండ్ కొన్నది జియో ఒక్కటే. అందులో దాని వాటా 10 మెగాహెర్ట్జ్, 3300 బ్యాండ్‌లో 100 మెగాహెర్ట్జ్. యాప్‌లో వీటిని ఎన్28, ఎన్78 అంటారు. డాబా మీద ఎన్78 పట్టిన ఫోన్, కింద పడకగదిలో ఎన్28కి దిగుతుంది. పైన 5జీ గుర్తు మారదు, ఎన్28లో వాటా చిన్నది కాబట్టి స్పీడ్ మాత్రం ఎన్నో రెట్లు పడిపోతుంది. "5జీ ఉంది గానీ స్లో" అనేవాళ్లు ముందు బ్యాండ్ ఏదో చూసుకోవాలి.

బీఎస్‌ఎన్‌ఎల్ మీద రెండేళ్ల కిందటి అభిప్రాయం ఉన్నవాళ్లు కూడా మళ్లీ కొలవాలని నా కోరిక. టీసీఎస్, తేజస్ కంపెనీలు, ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాట్ కలిసి చేసిన స్వదేశీ 4జీని 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభించారు. అది 700, 2100 బ్యాండ్ల మీద నడుస్తుంది. పాత ఫోన్లలో చాలావాటికి బ్యాండ్ 28 ఉండదు. అలాంటి ఫోన్ పట్టుకుని "ఇంట్లో సిగ్నల్ రాదు" అంటే తప్పు ఫోన్‌దే కావొచ్చు. ఫోన్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ బ్యాండ్ల జాబితా చూసి, 28 ఉంటేనే ఆ సిమ్‌ని పోటీలో పెట్టండి.

కవరేజ్ మ్యాపుల సంగతి కూడా చెప్పి ఆపుతాను. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన నిబంధనల వల్ల కంపెనీలన్నీ తమ మ్యాపులు వెబ్‌సైట్లలో పెట్టాయి. మీ ఊరి మీద రంగు లేకపోతే ఆ సిమ్ తెప్పించి కొలిచే శ్రమ తప్పుతుంది. రంగు ఉంటే మాత్రం ఇంటి లోపల కొలవాల్సిందే, మీ స్లాబు మందం మ్యాపుకి తెలియదు. మీ చుట్టూ ఏ కంపెనీ టవర్లు ఎక్కడున్నాయో టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో చూడొచ్చు.

ఇంటి పని: వంటిల్లు, పడకగది, వీధి గుమ్మం, ఈ మూడు చోట్ల, రెండు సిమ్‌లకు, రెండు వేళల్లో కొలవండి. ప్రతిసారీ డీబీఎం, ఎస్‌ఎన్‌ఆర్, ఎర్ఫెన్, స్పీడ్ రాయండి. ఏ సిమ్‌ది దూరం సమస్యో, ఏది జనం సమస్యో పక్కన ఒక్క ముక్కలో రాసుకోండి. నాలుగో పాఠంలో ఈ నోట్‌బుక్ పట్టుకుని బస్సెక్కుదాం. దారిలో ఫోన్ ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి ఎలా మారుతుందో చూసి, ఆ తర్వాత 1900కి పోర్ట్ మెసేజ్ పంపడం దగ్గరికి వస్తాం.