క్లాసిక్ ఆల్బమ్‌ల వినైల్ రీఇష్యూలు ఎలా ఎంచుకోవాలి, ఎలా వినాలి?

రీఇష్యూ, అంటే పాత ఆల్బమ్‌ని మళ్లీ అచ్చేసిన వినైల్ ప్లేటు, కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని గ్రాములు?" అని. 180 గ్రాములైతే మంచిదట, 200 అయితే ఇంకా గొప్పదట. తూకం చూసి కొనడానికి అదేమన్నా బంగారమా? పాట ఉండే గాడి ఎలా ఉండాలన్నది మాస్టర్ (మూలప్రతి) కోసే దగ్గరే తేలిపోతుంది. ఒకే స్టాంపర్‌తో (ప్లేట్లు కొట్టే లోహపు అచ్చుతో) 140 గ్రాముల ప్లేటు కొట్టినా 180 గ్రాముల ప్లేటు కొట్టినా గాడి అదే, వినపడే పాట అదే. బరువైన ప్లేటు చేతిలో దిట్టంగా ఉంటుంది, అంతవరకే. ఇక పిక్చర్ డిస్క్‌లంటారా, బొమ్మ మీద అతికించిన పలచటి ప్లాస్టిక్ పొరలో గాడి పడుతుంది కాబట్టి వెనకాల గరగర ఎక్కువ. గోడకు తగిలించుకోవడానికి బాగుంటాయి. వినడానికైతే నల్ల ప్లేటే కొనండి.

సామాను

దీని గురించి ఎక్కువ మాట్లాడను. సూది బరువు (సూది ప్లేటు మీద మోపే భారం) సర్దుకునే వీలున్న టర్న్‌టేబుల్ (సూట్‌కేస్ ప్లేయర్లు వద్దు, చర్చ అనవసరం), సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీఆంప్, ఒక జత స్పీకర్లు, కార్బన్ ఫైబర్ బ్రష్, సూది బరువు చూసే బుల్లి డిజిటల్ త్రాసు, ఒక టార్చి. కార్ట్రిడ్జ్‌కి (సూది బిగించి ఉండే ముక్కకి) ఎంత బరువు పెట్టాలో దాని కంపెనీయే రాసి ఇస్తుంది, చాలావాటికి 1.5 నుంచి 2 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. బరువు తగ్గిస్తే రికార్డు ఎక్కువ కాలం మన్నుతుందనుకుని తగ్గించేస్తుంటారు కొందరు. అలా చేస్తే సూది గాడిలో కుదురుగా కూర్చోదు, అటూ ఇటూ ఎగిరిపడి గాడి గోడల్నే పాడుచేస్తుంది. టార్చి ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఏ ఆల్బమ్?

మీకు కంఠతా వచ్చిన ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. "ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాల్సిన" జాబితాలు చూసి కొంటే అల్మరా నిండుతుంది గానీ ఏ రీఇష్యూ బాగుందో, ఏది పాడుచేశారో గుర్తుపట్టడానికి మీ చెవికి ఆధారం ఉండదు. నిడివి కూడా చూసుకోండి. ఒక వైపు 20, 22 నిమిషాలు హాయిగా పడతాయి. అంతకు మించితే గాళ్లను ఇరుకిరుగ్గా కోయాలి, శబ్దం తగ్గించాలి. సీడీల కాలంలో 70 నిమిషాలు సాగిన ఆల్బమ్‌ని ఒకే ప్లేటు మీద కుక్కి అమ్ముతుంటే దాని జోలికి పోవద్దు, రెండు ప్లేట్లుగా వచ్చినదాని కోసం ఆగండి.

దేని నుంచి కోశారు?

అసలు తిప్పలన్నీ ఇక్కడే. నూటికి తొంభై మంది ఈ మెట్టు దాటేసి నేరుగా డబ్బు కట్టేస్తారు, తర్వాత "వినైల్ అంటే ఏదో అనుకున్నాం, సీడీకీ దీనికీ తేడా ఏముంది?" అని నిట్టూరుస్తారు. వాళ్ల చేతిలో ఉన్నది నిజంగానే సీడీ కోసం చేసిన ఫైలు నుంచి కోసిన ప్లేటు అయ్యుండొచ్చు.

రికార్డు ఎలా తయారవుతుందో కాస్త తెలిస్తే ఇది అర్థమవుతుంది. టేపులోనో ఫైల్లోనో ఉన్న సంగీతాన్ని కటింగ్ యంత్రం మీద లక్కర్ డిస్క్‌లోకి గాడిగా కోస్తారు. దానికి లోహపు పూత పోసి, ఆ లోహం నుంచి స్టాంపర్లు తీసి, వాటితో ప్లేట్లు కొడతారు. రీఇష్యూ అంటే సాధారణంగా ఈ తతంగమంతా కొత్తగా మొదలుపెట్టడమే. అంటే ఎవరో ఒక ఇంజనీరు మళ్లీ కూర్చుని ఏ టేపు వాడాలో, బేస్ ఎంత ఉంచాలో, ఎంత గట్టిగా కోయాలో కొత్తగా నిర్ణయించుకున్నాడన్నమాట. అందుకే ఒకే అట్ట, ఒకే పాటలు, ఒకే వరస ఉన్న అయిదు రీఇష్యూలు అయిదు రకాలుగా వినిపిస్తాయి.

ముందు స్టిక్కర్ చదవండి, లాయరు ఒప్పందం చదివినట్టు చదవండి. "ఒరిజినల్ మాస్టర్ టేపుల నుంచి" అని ఉంటే పొంగిపోకండి. ఎప్పుడో ఆ టేపుల్ని డిజిటల్‌లోకి ఎక్కించి, ఆ ఫైలు నుంచి ఇప్పుడు కోసినా ఆ మాట అబద్ధం కాదు. "రీమాస్టర్డ్" అని ఒక్క ముక్క ఉంటే దానికి విలువ సున్నా, ఎవరు చేశారో ఎప్పుడు చేశారో దేనికోసం చేశారో అందులో లేదు. "ఆడియోఫైల్" అనేదానికి రూలంటూ ఏమీ లేదు, ఎవరైనా రాసుకోవచ్చు. మీకు కావాల్సింది "అసలు అనలాగ్ టేపు నుంచి నేరుగా కోసినది" అనే అర్థం వచ్చే వాక్యం, దాని పక్కన ఇంజనీరు పేరు. జాజ్ లేబుల్ బ్లూ నోట్ 2019లో మొదలుపెట్టిన టోన్ పొయెట్ రీఇష్యూల వరస చూడండి. టేపు నుంచి నేరుగా కోసింది కెవిన్ గ్రే అని దాచకుండా చెబుతారు. పేరు వేయని రీఇష్యూని నేను కొనను, మీరూ కొనకండి. మంచి పని చేయించిన లేబుల్ ఆ పని చేసినవాడి పేరు ఎందుకు దాస్తుంది?

ఇంకో ఉచ్చు ఉంది, ముఖ్యంగా పాత జాజ్, బ్లూస్ కొనేవాళ్లకి. యూరోపియన్ యూనియన్‌లో 1962 చివరిలోపు విడుదలైన రికార్డింగులకు హక్కుల గడువు తీరిపోయింది. అప్పటికి గడువు 50 ఏళ్లు. 2013లో దాన్ని 70కి పెంచారు గానీ, అప్పటికే తీరిపోయినవాటిని వెనక్కి తేలేదు. దాంతో అక్కడ ఆ ఆల్బమ్‌లు ఎవరైనా చట్టబద్ధంగా అచ్చేసుకోవచ్చు, హక్కుదారు దగ్గరున్న టేపు అడిగే పని లేదు. మరి సంగీతం ఎక్కడి నుంచి వస్తుంది? చాలావరకు సీడీ నుంచే. పోల్చుకోవడం కష్టం కాదు. లేబుల్ పేరు ఎప్పుడూ విని ఉండరు, అట్ట మీద ఫొటో కాస్త మారి ఉంటుంది, అసలు ఆల్బమ్‌లో లేని బోనస్ పాటలు వెనక్కి తోకలా తగిలించి ఉంటాయి, మాస్టరింగ్ చేసిందెవరో అట్టంతా వెతికినా దొరకదు. 180 గ్రాములని మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది.

ఇప్పుడు టార్చి తీయండి. ఆఖరి పాటకీ లేబుల్‌కీ మధ్య నున్నటి పట్టీ ఉంటుంది, అందులో ఒకే ఒక్క గాడి మెలికలు తిరుగుతూ లోపలికి పోతుంది. ప్లేటుని అంచుల దగ్గర పట్టుకుని, టార్చిని పక్కనుంచి వాలుగా వేసి, ప్లేటుని మెల్లగా తిప్పండి. నేరుగా పైనుంచి వెలుతురు వేస్తే ఏమీ కనిపించదు. వాలుగా వేస్తే చేత్తో గీకినట్టు సన్నటి అంకెలు, అక్షరాలు తేలుతాయి. అవే మ్యాట్రిక్స్ నంబర్లు. వాటి పక్కన కోసినవాళ్లు తమ పొడి అక్షరాలు చెక్కుతారు. ఆర్ఎల్ అంటే బాబ్ లుడ్విగ్, బీజీ అంటే బెర్నీ గ్రండ్‌మన్, కేపీజీ అంటే కెవిన్ గ్రే. ఆ నంబర్లను డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైట్‌లో వెతికితే మీ చేతిలో ఉన్నది ఏ ప్రెస్సింగో, అంటే ఏ విడతలో కొట్టిన ప్లేటో తెలుస్తుంది. బార్‌కోడ్‌తో వెతికి ఊరుకోవద్దు, ఒకే బార్‌కోడ్‌తో వేరువేరు ప్రెస్సింగులు వస్తుంటాయి. ఆన్‌లైన్‌లో కొంటుంటే అమ్మేవాళ్లని ఆ పట్టీ ఫొటో అడగండి. ఇవ్వనంటే ఆ బేరం అక్కడితో సరి.

ఇదంతా విని డిజిటల్ అంటే పాపమనుకోకండి. 2022లో రీఇష్యూలు వేసే మొబైల్ ఫిడెలిటీ సంస్థ తన రికార్డుల్లో చాలావాటికి మధ్యలో డిజిటల్ దశ ఉందని ఒప్పుకుంది. అప్పటిదాకా "అనలాగ్ కాకపోతే నా చెవి పట్టేస్తుంది" అన్నవాళ్లే వాటిని నెత్తిన పెట్టుకున్నారు! చెప్పకుండా అమ్మడం తప్పే, కానీ ఆ రికార్డులు రాత్రికి రాత్రి చెడ్డగా వినిపించడం మొదలుపెట్టలేదు కదా. బీటిల్స్ విషయంలో 2012 స్టీరియో సెట్ డిజిటల్ ఫైళ్ల నుంచి, 2014 మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చే) సెట్ అనలాగ్ టేపుల నుంచి కోశారు. ఈ రెండిట్లో నేను మోనోనే తీసుకోమంటాను, టేపు ఒక్కటే కారణం కాదు, అరవైల్లో ఆ పాటల మిక్సింగ్‌లో ఎక్కువ శ్రద్ధ మోనో మీదే పెట్టారు.

"ఫస్ట్ ప్రెస్సింగే దేవుడు" అనే బ్యాచ్ ఒకటుంది. వాళ్లకు జవాబుగా మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఒక్కటి చాలు. 1959లో మొదటి వైపు మూడు ట్యూన్లు రికార్డు చేసినప్పుడు టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది, అందువల్ల ప్లేటు మీద అవి ఉండాల్సిన శ్రుతి కన్నా కొంచెం పైన మోగుతాయి. సరైన వేగంతో తిరిగిన రెండో యంత్రం టేపు ఉంది కాబట్టి 1990ల్లో దాన్ని సరిదిద్దగలిగారు. అంటే ఎంతో డబ్బు పోసి కొన్న ఒరిజినల్ కన్నా సరిదిద్దిన రీఇష్యూలోనే శ్రుతి సరిగ్గా ఉంటుంది. అలాగని ఒరిజినల్స్ అన్నీ తీసిపారేయలేం. టేపులు అరుగుతాయి, పోతాయి. 2008లో యూనివర్సల్ స్టూడియోస్ అగ్నిప్రమాదంలో మాస్టర్ టేపులు చాలా కాలిపోయాయి. టేపే లేనప్పుడు ఎంత గొప్ప ఇంజనీరైనా కాపీ నుంచే కోయాలి. అలాంటి ఆల్బమ్‌కి పాత ప్లేటు వెతుక్కోవడమే మేలు.

రెండు ప్రెస్సింగుల పోలిక యూట్యూబ్‌లో విని కొనేవాళ్లకి ఒక మాట: ఆ వీడియోలో మీరు వింటున్నది వాళ్ల కార్ట్రిడ్జ్, వాళ్ల ప్రీఆంప్, దాని మీద యూట్యూబ్ కంప్రెషన్. దానికన్నా స్టిక్కర్ నయం.

ఇంటికొచ్చాక

చుట్టిన ప్లాస్టిక్ అదే రోజు విప్పండి. బిగుతుగా చుట్టింది అలాగే ఉంటే ప్లేటు వంగే ప్రమాదం ఉంది, పైగా వాపసు గడువు దాటాక లోపం బయటపడితే మన టెన్షన్ మనదే. కొత్త ప్లేటైనా ఒకసారి శుభ్రం చేయాల్సిందే, ప్రెస్ దగ్గరి దుమ్ము, కాగితపు నూగు గాళ్లలో ఉంటాయి.

టార్చి కింద గాళ్లలో కుట్లు వేసినట్టు వరసగా తెల్లటి చుక్కలు కనిపిస్తే, అక్కడ ప్లాస్టిక్ అచ్చులోకి పూర్తిగా పారలేదని అర్థం. వినేటప్పుడు ఆ చోట బట్ట చింపుతున్నట్టు చప్పుడొస్తుంది, ఎంత కడిగినా పోదు, వెనక్కి పంపేయండి. తర్వాత ప్లేటు తిరుగుతుంటే టోన్‌ఆర్మ్‌ని (సూదిని మోసే చేతిని) ఎదురుగా కూర్చుని చూడండి. ప్రతి చుట్టుకీ అది కుడికీ ఎడమకీ ఊగుతుంటే రంధ్రం నడిమధ్యలో పడలేదన్నమాట. పియానో పొడుగు స్వరాలు వణుకుతూ వినిపిస్తాయి. డ్రమ్స్ మోతలో ఇది తెలియదు, అందుకే పియానో ఉన్న పాటతోనే పరీక్షించాలి. రెండు వైపులా ఆఖరి పాట దాకా వినండి, మొదటి పాట విని "బాగుంది" అని అట్టలో పెట్టేయొద్దు.

వినడం

ఒక వైపు మొత్తం, మధ్యలో పాట దాటించకుండా, ఫోన్ పక్క గదిలో పెట్టి. ఇది నా అలవాటు మాత్రమే కాదు, పద్ధతి. ఎందుకంటే ఒక వైపు మీద పాటలన్నిటికీ ఒకేలా చోటు దక్కదు. ప్లేటు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, బయటి అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకి సుమారు 51 సెంటీమీటర్ల వేగంతో పోతే, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 21 సెంటీమీటర్లకి పడిపోతుంది. అంటే ఆఖరి పాటకి చోటు సగం కన్నా తక్కువ. ఆల్బమ్‌లో పాటల వరస పేర్చేవాళ్లకి ఇది తెలుసు, అందుకే హోరెత్తించే పాటని ముందు పెట్టి, నెమ్మదైనదాన్ని వైపు చివర్లో పెట్టడం తరచూ కనిపిస్తుంది. ఆఖరి పాటలో "స" అక్షరాలు ఉమ్మినట్టు వినిపిస్తే ముందు ప్లేటుని తిట్టకండి, కార్ట్రిడ్జ్ అమరిక సరిచూసుకోండి. అది సరిగ్గా ఉండి కూడా అలాగే ఉంటే అప్పుడు ప్లేటుని తిట్టొచ్చు.

బేస్ ఎంత దడదడలాడిందో చూసి రీఇష్యూకి మార్కులు వేయకండి, బేస్ పెంచడం అన్నిటికన్నా తేలిక. డ్రమ్స్ పక్కన ఉండే తాళం (సింబల్) మోగాక దాని నాదం ఎంతసేపు, ఎంత మెల్లగా ఆరిపోతోందో వినండి. బాగా కోసినదాంట్లో అది గదిలోకి కరిగిపోతుంది, చెడగొట్టినదాంట్లో ఇసుక పోసినట్టు గరగరమని తెగిపోతుంది.

దాచడం

నిలువుగా పెట్టాలి, ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు. కాగితపు లోపలి కవరు తీసేసి పాలిథిన్ పొర ఉన్నది వేయండి. మెత్తటి పీవీసీ కవర్లు వాడొద్దు, ఏళ్ల తరబడి అందులో ఉన్న ప్లేటు మీద పొగలాంటి మచ్చ పడుతుంది. విప్పిన ప్లాస్టిక్ మీదున్న స్టిక్కర్‌ని కత్తెరతో చుట్టూ కోసి అట్ట లోపల వేసి ఉంచండి. కొన్ని రీఇష్యూలకి ఏ టేపు వాడారో, కోసిందెవరో ఆ స్టిక్కర్ మీద తప్ప ఇంకెక్కడా రాయరు.