వానలు మొదలయ్యేలోపు: బెజవాడ, గుంటూరు స్పోర్ట్స్ కారు ఓనర్లకు కొన్ని జాగ్రత్తలు

స్పోర్ట్స్ కారు రోడ్డు మీద ఆగిపోతే, ఆగడానికి కారణమైన లోపం చాలాసార్లు చిన్నదే అయి ఉంటుంది. ఒక సెన్సరో, బ్యాటరీనో, మేకు దిగిన టైరో. అసలు నష్టం ఆ తర్వాత అరగంటలో జరుగుతుంది. మంచి మనసుతో నలుగురు వచ్చి తాడు కట్టి లాగుతారు, దొరికిన చోట జాకీ పెడతారు, నీళ్లలో ఆగిన ఇంజిన్‌కి ఇంకోసారి సెల్ఫ్ కొట్టి చూడమంటారు. వాళ్లని తప్పు పట్టలేం. మామూలు కారుకి పనికొచ్చే సాయమే అది. కిందికి ఉండే బండికి మాత్రం అదే సాయం లక్షల ఖర్చు తెచ్చిపెడుతుంది. అందుకే ఎవరిని పిలవాలి, ఎవరికి ఏం చెప్పాలి, ఏది ముట్టుకోనివ్వకూడదు అన్నవి వాన పడకముందే తేల్చుకోవాలి. రోహిణి కార్తె ఎండల్లో బండి ఎలాగూ ఎక్కువ తీయం కాబట్టి ఆ రోజులు దీనికి సరిగ్గా సరిపోతాయి.

ముందు నీళ్ల సంగతి. మన ఊరికి ఇదే పెద్ద గండం. 2024 ఆగస్టు 31న కురిసిన వాన, ఆ వెంటనే బుడమేరు పొంగడం, సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోవడం ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర అప్పుడు 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. బండి ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. మన వీధిలో వాన తగ్గినంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కాదు. పైనుంచి వచ్చే నీళ్లు తర్వాత వస్తాయి. కాబట్టి వాయుగుండం కబురు వినగానే బండిని సెల్లార్‌లోంచి తీసేయండి. నీళ్లు వచ్చాక తీద్దాం అనుకుంటే కుదరదు. అప్పటికి కరెంటు పోయి గేటు తెరుచుకోకపోవచ్చు, ర్యాంపు మీదే నీళ్లు పారుతుండవచ్చు.

ఎక్కడికి తీసుకెళ్లాలో కూడా ఇప్పుడే అనుకోండి. ఎత్తు మీద ఇల్లున్న బంధువుల దగ్గరో, పై అంతస్తుల్లో పార్కింగ్ ఉన్న చోటో ముందే మాట్లాడి పెట్టుకోండి. చెట్ల కింద వద్దు. కొండ వాలు కిందా వద్దు. ఆ ఆగస్టు 31నే మొగల్రాజపురంలో కొండరాళ్లు విరిగిపడి మనుషుల ప్రాణాలే పోయాయి. కారు కోసం అలాంటి చోటికి వెళ్లి నిలబడే పని అసలే పెట్టుకోకండి.

ఇక నడుస్తున్న బండి. మీ కారులో ఇంజిన్ గాలి పీల్చే దారి ఎక్కడుందో ఒకసారి చూసి పెట్టుకోండి. ముందు ఇంజిన్ ఉన్న చాలా కార్లలో బంపర్ వెనకాల కిందుగా ఉంటుంది. మధ్యలో ఇంజిన్ ఉన్నవాటిలో పక్కల ఉంటుంది, పోర్షే 911లో వెనక మూత కింద ఉంటుంది. పిస్టన్ గాలిని నొక్కగలదు, నీళ్లని నొక్కలేదు. గ్లాసుడు నీళ్లు సిలిండర్‌లోకి వెళ్లినా చాలు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఒక్కోసారి బ్లాకు పగిలి బయటికి వస్తుంది. నేను పెట్టుకున్న హద్దు ఇది: నీళ్లు బంపర్ కింది అంచుకి తగిలేంత ఉన్నాయనిపిస్తే ఆ దారిలో వెళ్లను. లోతు తెలియకపోయినా వెళ్లను. ముందు స్కూటర్ వెళ్లింది కదా అని ధైర్యం చేయొద్దు. స్కూటర్ గాలి పీల్చే చోటు మీ కారు కంటే పైనే ఉంటుంది. పక్కనుంచి లారీ వెళితే లేచే అల కూడా లెక్కలోకి తీసుకోండి. నిలిచిన నీళ్ల లోతు సరిపోయినా ఆ అల బానెట్ మీదకి వస్తుంది. రైల్వే బ్రిడ్జిల కింద నీళ్లు నిలిచే చోట్లు, బెజవాడలో అయినా గుంటూరులో అయినా, వాన రోజున పూర్తిగా మానేయండి. చుట్టు తిరిగి వెళితే పోయేది పావుగంటే.

నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే చేయాల్సింది ఒకటే. మళ్లీ స్టార్ట్ చేయకూడదు. బటన్ మీద వేలు కూడా పెట్టొద్దు. ఆగిన క్షణంలో లోపలికి వెళ్లిన నీళ్లతో ఇంజిన్ ఇంకా బాగానే ఉండి ఉండవచ్చు, చాలాసార్లు దాన్ని చంపేది రెండోసారి కొట్టిన సెల్ఫే. చుట్టూ చేరినవాళ్లు "ఒక్కసారి కొట్టి చూడండి సార్" అంటారు. "వద్దన్నా, ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయి, కొడితే పోతుంది. పక్కకి నెట్టడానికి మాత్రం కాస్త సాయం పట్టండి" అని చెప్పండి. కారణం చెబితే అర్థం చేసుకుంటారు. మన జనం సాయానికి వెనకాడరు. నెట్టేటప్పుడు వెనక స్పాయిలర్ మీద, బంపర్ అంచుల మీద చేతులు వేయనివ్వకండి, అవి బరువు ఆపవు.

నెట్టాలంటే గేరు న్యూట్రల్‌లో పడాలి కదా. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. ఇప్పటి ఆటోమేటిక్ గేర్లు, ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకులు బ్యాటరీ చచ్చిపోతే కదలవు. బ్యాటరీ లేనప్పుడు న్యూట్రల్ ఎలా వేయాలో, పార్కింగ్ బ్రేక్ ఎలా విడిపించాలో మీ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. వీలైతే ఇంట్లో ఒకసారి చేసి చూడండి. కీ ఫాబ్‌లో దాగి ఉండే మామూలు తాళం చెవి ఎలా బయటికి వస్తుందో, డోర్ హ్యాండిల్ దగ్గర అది పెట్టే రంధ్రం ఎక్కడుందో కూడా తెలిసి ఉండాలి. బ్యాటరీ ముందు డిక్కీలో ఉండే పోర్షేల్లో ఇంకో చిక్కుంది: ఆ డిక్కీ తెరవాలంటే కరెంటు కావాలి, కరెంటు ఇవ్వాల్సిన బ్యాటరీ ఆ డిక్కీలోనే ఉంటుంది. అందుకని చాలా 911లలో ముందు సీటు కాళ్ల దగ్గరి ఫ్యూజ్ బాక్సులో బయటికి లాగే ఒక టెర్మినల్ ఇచ్చారు. జంప్ స్టార్టర్ (చచ్చిన బ్యాటరీకి బయటినుంచి కరెంటు అందించే పరికరం) ప్లస్ దానికి, మైనస్ డోర్ దగ్గరి లోహానికి తగిలిస్తే డిక్కీ తెరుచుకుంటుంది. అర్ధరాత్రి వానలో ఇది వెతుక్కోవడం నరకం, పగలు గ్యారేజీలో అయిదు నిమిషాల పని.

రికవరీ బండి గురించి. తాడు కట్టి లాగించడం వద్దు. చక్రాలు తిరుగుతూ ఇంజిన్ ఆగి ఉంటే చాలా ఆటోమేటిక్, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సుల్లో ఆయిల్ పంపు పని చేయదు, లోపలి భాగాలు ఆయిల్ లేకుండానే తిరుగుతాయి. ముందు భాగాన్ని కొక్కేనికి తగిలించి లేపే క్రేన్ కూడా వద్దు, బంపర్ మిగలదు. కారు మొత్తాన్ని మీదకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్డే కావాలి. ఫ్లాట్‌బెడ్ అని చెబితే సరిపోదు. "కారు చాలా కిందికి ఉంటుంది, ర్యాంపు ముందు వేయడానికి పొడవైన చెక్కలు ఉన్నాయా? కట్టడానికి టైరు చుట్టూ వేసే బెల్టులు ఉన్నాయా, కొక్కేలేనా?" అని ఫోన్‌లోనే అడగండి. చెక్కలు లేకపోతే ముందు బంపర్ కింది అంచు ర్యాంపుకి తగిలి పగులుతుంది. సస్పెన్షన్ ఆర్మ్‌కి కొక్కెం తగిలించి బిగిస్తే అలైన్‌మెంట్ పోతుంది. బెజవాడలోనో మంగళగిరి వైపో అలాంటి బండి ఉన్నవాళ్లని ఇద్దరిని ఇప్పుడే వెతికి, వెళ్లి బండి చూసి, నంబర్ తీసుకోండి. ఒక్కరు చాలరు. వరద రోజు అందరికీ అదే బండి కావాలి.

బండిని ఫ్లాట్‌బెడ్ మీదకి లాగడానికి వాడే కొక్కెం మీ డిక్కీలో టూల్స్ సంచిలో ఉంటుంది. బంపర్‌లో చిన్న మూత తీసి బిగించాలి. కొన్ని కార్లలో మర ఎడమ వైపుకి తిరుగుతుంది, తెలియకపోతే పట్టడం లేదని బలవంతం చేసి మర పాడుచేస్తాం.

హైవే మీద ఆగితే జాతీయ రహదారుల సంస్థ నంబర్ 1033. కాజ టోల్ గేట్ దగ్గరైనా, కీసర దగ్గరైనా అదే. వాళ్ల క్రేన్‌ని బండి ప్రమాదంలో ఉన్నప్పుడు పక్కకి తీయించడానికి వాడుకోండి, ఊరికి చేర్చడానికి మాత్రం మీ ఫ్లాట్‌బెడ్ కోసం ఆగండి. అప్పటిదాకా కారులో కూర్చోకండి. ఎడమ వైపు దిగి, రైలింగ్ అవతలికి వెళ్లి, వచ్చే వాహనాల వైపు చూస్తూ నిలబడండి. కిందికి ఉండే కారు వానలో లారీ డ్రైవర్ కంటికి ఆలస్యంగా కనిపిస్తుంది. ఎర్ర త్రికోణం కాస్త దూరంగా పెట్టండి, మెరిసే జాకెట్ ఒకటి డిక్కీలో కాకుండా సీటు వెనక ఉంచండి. నడుస్తున్నప్పుడు మాత్రం వానలో హజార్డ్ లైట్లు వేయొద్దు. మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాళ్లకి తెలియదు.

సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఇంకో మాట ఆలోచించాలి. నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు నీళ్లు హైవే మీదకి వచ్చి 2023 జులైలో రాకపోకలు ఆగాయి, 2024 సెప్టెంబరు మొదట్లోనూ అదే జరిగింది. అంటే మీకు బాగా అవసరమైన రోజునే ఆ దారి మూసుకుపోవచ్చు. సర్వీసు జూన్‌కి ముందే చేయించేయండి. బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, బెల్టులు, ఫిల్టర్లు ఎంత మిగిలి ఉన్నాయో అడగండి. విదేశం నుంచి రావాల్సినవి వారాలు పడతాయి. ఫోర్డ్ మస్టాంగ్ ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఫోర్డ్ 2021లో మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. తొందరగా అరిగే భాగాలు ఒక సెట్ ఇంట్లో ఉంచుకోవడమే నయం.

ఆటోనగర్ గురించి నా అభిప్రాయం కూడా చెబుతాను. పెద్ద కార్లవాళ్లు అక్కడికి వెళ్లడానికి జంకుతారు, అంత అవసరం లేదు. వంగిన అల్లాయ్ రిమ్ సరిచేయడం, రేడియేటర్ పని, లేత్ పని, బ్యాటరీ, వైరింగ్‌లో తెగిన చోటు వెతకడం లాంటి వాటిలో అక్కడి చేతులు చాలా గట్టివి. పగిలిన రిమ్‌కి వెల్డింగ్ మాత్రం ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి. గేర్‌బాక్సు, ఇంజిన్ కంప్యూటర్, ఎయిర్‌బ్యాగ్ కూడా మీ కారు కంపెనీ స్కానర్ లేనివాళ్ల చేతిలో పెట్టొద్దు.

టైర్ల విషయానికి వస్తే, చట్టం ప్రకారం ట్రెడ్ (టైరు మీది గాళ్ల లోతు) 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. వెడల్పు టైర్లకి వానలో అది చాలదు. టైరు ఎంత వెడల్పయితే నీళ్ల మీద అంత త్వరగా తేలుతుంది. 3 మిల్లీమీటర్ల కంటే తగ్గితే వానలకి ముందే మార్చేయమంటాను. వెనక టైర్లు ముందుగా అరుగుతాయి, వాటినే కొలవండి. టైరు పక్కన ఉండే నాలుగంకెలు వారం, సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. టైరు పాతదైతే ట్రెడ్ నిండా ఉన్నా మన ఎండలకి రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. రేసు ట్రాక్ కోసం వేసిన, గాళ్లు తక్కువ ఉండే సెమీ స్లిక్ టైర్లయితే డిసెంబరు దాకా తీసి పక్కన పెట్టండి.

చాలా స్పోర్ట్స్ కార్లలో స్టెప్నీ ఉండదు. సీలెంట్ సీసా, చిన్న కంప్రెసర్ మాత్రమే ఉంటాయి. సీసా మీద ఎక్స్‌పైరీ చూడండి, కొన్నప్పటి నుంచి ఎవరూ చూసి ఉండరు. ట్రెడ్‌లో చిన్న రంధ్రానికే అది పనికొస్తుంది, పక్కగోడ చిరిగితే ఫ్లాట్‌బెడ్డే దిక్కు. సీలెంట్ పోశాక 80 వేగం దాటకుండా టైరు షాపుకి చేరండి, లోపల ద్రవం ఉందని వాళ్లకి ముందే చెప్పండి. రోడ్డు పక్క షాపులో పంక్చర్ రంధ్రంలో పెట్టే రబ్బరు స్ట్రిప్ ఊరు చేరడానికే, ఆ తర్వాత టైరు విప్పించి లోపలినుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించాలి. గాలి పోయిన కారు కిందికి మామూలు జాకీ దూరదు. చక్రాన్ని ముందు ఒక చెక్క దిమ్మె మీదకి ఎక్కించి అప్పుడు జాకీ పెట్టాలి, అదీ కంపెనీ చూపిన పాయింట్ల దగ్గరే, రబ్బరు ముక్క వేసి. వీల్ లాక్ నట్‌కి వేరే తాళం ముక్క ఉంటుంది, సర్వీసు నుంచి వచ్చాక అది తిరిగి డిక్కీలోకి వచ్చిందో లేదో చూసుకోండి. కొన్ని పోర్షే జీటీ కార్లలో లాగా నడిమధ్య ఒకటే పెద్ద నట్ ఉంటే అది బిగించడానికి 600 న్యూటన్ మీటర్ల దాకా బలం కావాలి. దాన్ని రోడ్డు పక్కన ముట్టుకోనే వద్దు.

వానల్లో తీయకుండా ఉంచేవాళ్లు బ్యాటరీ చార్జ్ తగ్గకుండా చూసే మెయింటెయినర్ తగిలించి ఉంచండి. హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేస్తే తేమకి ప్యాడ్లు డిస్కులకి పట్టేస్తాయి. చక్రాలకి అడ్డు పెట్టి బ్రేక్ వదిలేయండి. అద్దం కింద, డోర్ల దగ్గర నీళ్లు దిగే రంధ్రాల్లో ఆకులు తీయించండి, టాప్ తెరుచుకునే కారయితే తప్పనిసరి. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాలిలో తేమని పీలుస్తుంది. పాత కారుని నెలల తరబడి సగం ట్యాంకుతో ఉంచకండి.

చివరిగా ఇన్సూరెన్స్. మామూలు సమగ్ర పాలసీ వరద నష్టం ఇస్తుంది గానీ, నీళ్లలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పోతే దాన్ని సాధారణంగా ఒప్పుకోరు. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ఉందో లేదో ఈ వారమే పాలసీ తెరిచి చూడండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితమో, ఫ్లాట్‌బెడ్ అని రాసి ఉందో లేదో చదవండి. కారు మునిగితే నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో కనిపించేలా ఫొటోలు తీసి, కదిలించకముందే కంపెనీకి ఫోన్ చేయండి. ఫ్లాట్‌బెడ్ మీదకి ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు వీడియో తీయండి. బంపర్ ఎక్కడ పగిలిందన్న తగాదా వస్తే చూపించడానికి అది ఉంటుంది.